విన్నాను, తీసేశాను

ఆన్‌లైన్ చదువంటే నాకు ఒళ్ళు మంట. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. కరోనా మొదటి ఏడాది ఫోన్ ముందు కూర్చుని నల్లటి డబ్బాలకు భిన్నాలు బోధించాను. ఆ డబ్బాల వెనక పిల్లలున్నారో, ఫోన్ గోడకు ఆనించి ఆటలకు పోయారో దేవుడికే తెలియాలి. ఒకసారి "అర్థమైందా?" అని అడిగితే ఒక డబ్బాలోంచి కుక్కర్ విజిల్ జవాబుగా వచ్చింది. ఆర్నెల్లకు ఆ ఉద్యోగమూ పోయింది. అందుకని మా అత్తమ్మ ఫోన్లో ఖురాన్ చదవడం నేర్చుకుంటానంటే నేను నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. నూర్‌బాషా కుటుంబం, దూదేకులవాళ్ళమంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మా మామయ్య వయసులో ఉండగా విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులు కుట్టేవారట. తర్వాత యంత్రాలొచ్చాయి. ఆయన రెండెకరాల్లో మిరప వేసుకున్నారు. విల్లు మాత్రం వసారా గోడకు అలాగే వేలాడుతూ ఉంది. మా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ మా ఆడవాళ్ళకు పెళ్ళిళ్ళలో నలుగురి ముందు తడబడడానికి తప్ప ఎందుకూ పనికి రాలేదు. ఆడపిల్లలకు మతం చదువు ఎప్పుడైనా చెప్పినా అది ఉర్దూలోనే జరిగేది. అత్తమ్మ చిన్నప్పుడు నాలుగు రోజులు వెళ్ళి, చెప్పేవాళ్ళు ఏమంటున్నారో అర్థం కాక, ఐదో రోజు పత్తి తీతకు పోయిందట. నమాజుకు కావలసిన నాలుగు ముక్కలు వాళ్ళమ్మ నోట విని పట్టుకుంది. అరబ్బీ అక్షరం ఒక్కటి రాదు. తెలుగు మాత్రం మూడో తరగతి దాకా చదివింది కాబట్టి పేపరు కూడబలుక్కుంటుంది.

రెండో వేవ్‌లో, రంజాన్ పండగైన ఎనిమిదో రోజున మామయ్య పోయారు. గుంటూరు ఆస్పత్రిలో వారం రోజులున్నారు. లోపలికి ఎవర్నీ పోనివ్వలేదు. కంగారులో ఆయన ఫోన్ ఇంట్లోనే మర్చిపోయాం. పోయాక ఇంటికి కూడా తీసుకురానివ్వలేదు. సేవకు ముందుకొచ్చిన కొంతమంది ప్లాస్టిక్ సూట్లు వేసుకుని గుంటూర్లోనే మట్టి చేశారు. మా ఆయన దూరంగా నిలబడి చూసి వచ్చాడు. అత్తమ్మ ఆ సేవ చేసినవాళ్ళలో ఒకతనికి నాచేత ఫోన్ చేయించింది.

"బాబూ, యాసీన్ చదివారా?"

అతను అబద్ధం చెప్పలేదు. "లేదమ్మా. ఆ సూట్లలో ఊపిరాడదు. నమాజు చేశాం, దువా చేశాం. అంతవరకే."

యాసీన్ ఖురాన్‌లో ఒక అధ్యాయం. మనిషి పోయే ఘడియల్లో పక్కన కూర్చుని చదువుతారు, పోయాక ఫాతిహా నాడు, అంటే వాళ్ళకోసం ప్రార్థన చేసే రోజున, వాళ్ళ పేరు మీద చదువుతారు. మా మసీదులో నమాజు చేయించే హజ్రత్ మంచి మనిషి. తనే ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఏడాది ఫాతిహా నాడు నేనొచ్చి యాసీన్ చదువుతాను, మీరు దిగులు పెట్టుకోకండి" అన్నారు. అత్తమ్మ "నీకు పుణ్యముంటుంది నాయనా" అంది. ఫోన్ పెట్టేశాక నాతో వేరే మాట అంది.

"పోయేముందు వారం రోజులు ఆయన నా గొంతు వినలేదే. ఇప్పుడు హజ్రత్ గొంతు వింటే నాకేం తృప్తి? ఏడాది నాటికి నేనే చదవాల. నా నోటితో."

నేను నవ్వింది అప్పుడే. అరవై రెండేళ్ళ మనిషి, అరబ్బీ మొదటి అక్షరం అలిఫ్ కూడా తెలియని మనిషి, ఏడాదిలో యాసీన్ చదువుతుందట.

మా దగ్గర భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటుంది. ఆ రోజులన్నీ గడప దాటదు. దాటగలిగినా ఊళ్ళో చెప్పేవాళ్ళు లేరు, నాకు చదవడం వచ్చు గానీ చెప్పడం రాదు. ఉన్నా కర్ఫ్యూ. అన్ని దారులూ మూసుకుపోయాయనుకుంటుంటే ఒంగోల్లో ఉండే మా చెల్లెలు ఒక నంబరు పంపింది. కొత్తపట్నం వైపు ఒకావిడ ఉందట, ఇదివరకు ఇంటి దగ్గర ఆడపిల్లలకు చెప్పేదట, కరోనా వచ్చాక ఫోన్లో పెద్దవాళ్ళకు కూడా చెబుతోందట. అన్నిటికన్నా ముఖ్యం, తెలుగులో చెబుతుందట.

ఆవిడను అందరూ ఆపా అంటారు, అంటే అక్క. నేనావిడను ఇప్పటిదాకా చూడలేదు. సముద్రం పక్క పల్లె, సిగ్నల్ కోసం డాబా ఎక్కి పాఠం రికార్డు చేస్తుంది. అందుకని ప్రతి పాఠం వెనకా గాలి హోరు వినిపిస్తుంది. మొదటి రోజే షరతులు చెప్పేసింది. ఫొటో వద్దు, వీడియో వద్దు, పేర్లు కూడా వద్దు, ఊరు చాలు. అలా మా అత్తమ్మ 'ప్రత్తిపాడు అమ్మ' అయింది. గ్రూపులో ఒక చీరాల అక్క, ఒక చీమకుర్తి కోడలు, ఇంకా చాలామంది ఉన్నారు. పొద్దున పదకొండింటికి పాఠం వస్తుంది. సాయంత్రం లోపు ఎవరికి వాళ్ళు అది చదివి, గొంతు రికార్డు చేసి, ఆపాకు ఒక్కదానికే పంపాలి.

అక్కడ అత్తమ్మ మొరాయించింది. "నా గొంతు ఫోన్లో పెట్టడమేంటే? అది ఎవడి చేతిలో పడుద్దో!"

పరాయి మగవాడి చెవిన తన గొంతు పడకూడదని ఆవిడ పట్టింపు. నాకు విసుగొచ్చింది. మిరపచేలో కూలీల మీద నువ్వు వేసే కేకలు ప్రత్తిపాడు దాకా వినపడతాయి కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, సంగతి ఆపాకు రాశాను. ఆవిడ వెంటనే ఫోన్ చేసింది.

"మీ అత్తగారొక్కరే కాదమ్మా, అందరూ అదే అడిగారు. వినగానే నా దగ్గర తీసేస్తాను. తీసేశాక మీకు చెప్తాను. మీ ఫోన్లోది మీరు తీసెయ్యండి. గొంతు ఎవరిదైతే వాళ్ళదే, నాకెందుకు?"

ఆ రోజు నుంచి మేం ఏ పాఠం చదివి పంపినా, ముందు తప్పులు చెప్పే రికార్డు, దాని కింద రెండు మాటలు వచ్చేవి: విన్నాను. తీసేశాను. ఒక్కరోజు తప్పలేదు. అంతమందికి రోజూ విడివిడిగా ఆ రెండు మాటలు రాయడం ఎంత పనో దొంతర్ల కొద్దీ పేపర్లు దిద్దిన నాకు తెలుసు. మా స్కూల్లో అయితే ఎర్ర టిక్కు పెట్టి వదిలేసేవాళ్ళం.

ఆపాకు ఇంకో చిక్కుంది. ఇంటి దగ్గర చెప్పేటప్పుడు పిల్లల గొంతు మీద తన రెండు వేళ్ళు ఆనించి, శబ్దం ఎక్కడినుంచి పుడుతోందో చూసేదట. అరబ్బీలో కొన్ని అక్షరాలు పెదాల మీద పలికితే చాలవు, గొంతు లోతులోంచి రావాలి. చెవి మోసపోయినా వేలు మోసపోదని ఆవిడ నమ్మకం. ఫోన్లోంచి వేళ్ళు చాచలేదు కదా. అందుకని హుకుం వేసింది: "ఇంట్లో ఉన్న ఇంకో ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె రెండు వేళ్ళు మీ గొంతు మీద పెట్టాలి. అవి నా వేళ్ళే అనుకోండి."

మా ఇంట్లో ఇంకో ఆడమనిషిని నేనే. మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ యూనిట్లో సూపర్‌వైజరు, వారానికోసారి వస్తాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో అత్తమ్మను నేను ముట్టుకున్నది పండగనాటి ఆలింగనానికే, అది కూడా పైపైన. మా ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ సామెత. పైగా ఆ రోజుల్లో ఎవరిని ముట్టుకోవాలన్నా గుండె దడే. మామయ్యను ఆఖరి వారంలో ఇంటి మనిషి ఒక్కరూ తాకలేదు. అలాంటి ఇంట్లో రోజూ పావుగంట ఆవిడ గొంతు మీద వేళ్ళు పెట్టాలి.

మొదటి రోజే ఘోరం చేశాను. మిరపకాయలు అమ్ముడుపోక ఇంట్లోనే గుట్టగా ఉన్నాయి. పొద్దుట్నుంచి తొడిమలు తీస్తూ కూర్చున్నాను. పాఠానికి ముందు చేతులు సబ్బుతో కడిగానన్న ధీమా. మిరప ఘాటు సబ్బుకు లొంగుతుందా? రెండు వేళ్ళు గొంతు మీద ఆనించి "చదవండి" అన్నాను. ఆవిడ ఒక అక్షరం పలికింది, రెండోది పలికింది. మూడోసారి వచ్చింది అరబ్బీ కాదు.

"మంట! మంటే! చంపేశావే నన్ను!"

పక్కింటి రైతు భార్య గోడ మీదుగా తొంగిచూసింది. మొగుడు పోయి నెల తిరగని అత్త మంచం మీద ఉంది, ఆవిడ గొంతు మీద కోడలి చెయ్యి ఉంది. ఎవరికైనా ఏమర్థమవుతుంది? "అమ్మో అమ్మో, ఏంటే ఆ పని! వదులు, ముందు చెయ్యి తియ్యి!" అంటూ మాస్కయినా లేకుండా గేటు తోసుకుని వచ్చేసింది. నేను సంగతి చెప్పేసరికి నెత్తి కొట్టుకుని, ఇంటికెళ్ళి గిన్నెడు పెరుగు తెచ్చింది. అత్తమ్మ గొంతుకు పెరుగు పూసుకుంటూ ఆవిడతో అంది: "నా గొంతు పిసకాలని తొమ్మిదేళ్ళ నుంచి చూస్తోందమ్మా, ఇయ్యాల్టికి వంక దొరికింది."

మామయ్య పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నేను మర్నాటి నుంచి చేతులకు నూనె పట్టించి, శనగపిండితో రుద్ది, రెండుసార్లు కడిగాకే పక్కన కూర్చునేదాన్ని. తొడిమల పని పాఠం తర్వాతకు మార్చేశాను.

గొంతులోంచి రావలసిన ఒక అక్షరం రెండు వారాలైనా రాలేదు. నాకేమో చిన్నప్పుడు వల్లెవేసిన చదువు. రైలుబండిలా చదివేస్తాను గానీ ఏ శబ్దం ఎలా వస్తుందో చెప్పమంటే నోరు పెగలదు. "బిగించండి, ఇప్పుడు వదలండి, అలా కాదు" అని క్లాసులో అరిచినట్టు అరిచాను. అత్తమ్మ లేచి వసారాలోకి వెళ్ళింది. కోపమొచ్చిందనుకుని వెనకే వెళ్ళాను. ఆవిడ గోడ మీది విల్లు దగ్గర నిలబడి నారిని వేలితో మీటింది. అది మొద్దుగా మోగింది. నారి మొదట్లో వేలు అదిమిపెట్టి మళ్ళీ మీటింది.

"పత్తి తడిగా ఉందో ఎండిందో మీ మామయ్య చూడకుండా చెప్పేవాడు, ఈ మోత బట్టి," అంది. "ఈడ పట్టుకుంటే ఒక మోత, ఆడ పట్టుకుంటే ఇంకో మోత. గొంతు కూడా అంతేనా?"

 ఆవిడ వచ్చి తన వేళ్ళు నా గొంతు మీద పెట్టి "నువ్వను" అంది. అన్నాను. "మళ్ళీ అను." మళ్ళీ అన్నాను. కళ్ళు మూసుకుని నాలుగుసార్లు అనిపించుకుని, ఐదోసారి తను పలికింది. నా వేళ్ళ కింద అడుగునెక్కడో సన్నగా కదిలింది. సరిగ్గా పలికింది. నేను బీఈడీలో తెల్ల కాగితాల నిండా రాసుకున్న బోధనా పద్ధతుల్లో ఇలాంటిది ఒక్కటి లేదు. ఆ పూట మొదటిసారి ఆవిడంటే నాకు గౌరవం కలిగింది. అంతకుముందున్నది భయం.

అలాగని ఆవిడ దొంగ చదువు చదవలేదనుకోకండి. ఇద్దత్ ముగిసింది, అక్షరాలు నేర్పే చిన్న పుస్తకం అయిపోయింది, యాసీన్ మొదలైంది. నాలుగు వాక్యాలకే ఆవిడకు చెమట పట్టింది. తెలుగు లిపిలో అచ్చేసిన యాసీన్ పుస్తకాలు దొరుకుతాయి. అలాంటిదొకటి పక్కింటావిడ చేత ప్రత్తిపాడు నుంచి తెప్పించి, దిండు కింద పెట్టుకుని, నేను ఫోన్ చూసుకునే వేళ దాన్ని చూసి గడగడా చదివేసింది. వేళ్ళకు తేడా తెలిసింది. అయినా పోనీలే పాపం అని ఊరుకుని పంపాను. అరగంటలో ఆపా గొంతు వచ్చింది, వెనకాల గాలితో సహా.

"ప్రత్తిపాడు అమ్మా, మీ కళ్ళు ఇవాళ తెలుగు మీద ఉన్నాయి. కాలు బాగున్నవాళ్ళు కర్ర పట్టుకోకూడదు. పుస్తకం లోపల పెట్టెయ్యండి."

అత్తమ్మ ఫోన్ వైపు అనుమానంగా చూసింది. "ఈమె మనిషా, ఇంకేమన్నానా?" అని, పుస్తకం తీసి బీరువాలో బట్టల అడుగున పెట్టింది. మళ్ళీ ముట్టుకోలేదు.

తప్పు చేసే వంతు తర్వాత నాది. మామయ్య పోయిన తేదీని ఆస్పత్రి కాగితం చూసి, కొత్త సంవత్సరం క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిపెట్టాను. అత్తమ్మ ఆ సున్నా వైపు చూసుకుంటూ రోజుకు ఇంతని పాఠం పంచుకుంది. రంజాన్ నెలంతా ఉపవాసాలున్నాం. నెలవంకను చూశాం. పండగ వచ్చింది. హజ్రత్ వచ్చి వసారాలో కూర్చుని సేమియా తింటూ, "అయితే ఇంకో ఎనిమిది రోజుల్లో ఏడాది కదా పెద్దమ్మా" అన్నారు.

అత్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మా పండగలకూ ఫాతిహాలకూ చంద్రుడి లెక్క. చంద్రుడి ఏడాది మామూలు ఏడాది కన్నా పదకొండు రోజులు చిన్నది. పండగైన ఎనిమిదో రోజు పోయిన మనిషికి ఏడాది కూడా పండగైన ఎనిమిదో రోజే వస్తుంది. పుట్టినప్పట్నుంచి తెలిసిన సంగతి, ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. పందొమ్మిది రోజులున్నాయనుకుంటే ఉన్నవి ఎనిమిది. ఇంకా రెండు పేజీలు మిగిలున్నాయి.

ఆవిడ నా వైపు చూసి, "లెక్కల టీచరువి!" అంది.

ఆ ఒక్క మాటే అంది. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. హజ్రత్ పరిస్థితి గ్రహించి మెల్లగా, "నేను చదువుతాను, మీరు పక్కన కూర్చోండి, ఆయనకు చేరుతుంది" అన్నారు. ఆయన మాటలో దయే ఉంది. అత్తమ్మ మాత్రం "ఎనిమిది రోజులున్నాయిగా నాయనా" అని ఇంకో గరిటె సేమియా వడ్డించింది.

ఆపాకు పండగ సెలవు. భయపడుతూనే రాశాను. పది నిమిషాల్లో జవాబు: "నా పండగ అయిపోయింది. కానియ్యండి." ఆ మధ్యాహ్నం నుంచే రోజుకు రెండు పాఠాలు వచ్చాయి. వంట, నీళ్ళు, మిరపకాయలు నేను చూసుకున్నాను. శిక్షలాగే చేశాను. అత్తమ్మ నాలుగో రోజుకు గొంతు బొంగురు పోయి, కలకండా మిరియాలూ బుగ్గన పెట్టుకుని చదివింది. ఆరో రోజు ఒక వాక్యం దగ్గర ఆగి ఆగి, పుస్తకం మూసి కళ్ళకద్దుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను. గంట తర్వాత "ఏమేవ్, చేతులు కడుక్కున్నావా?" అని పిలుపు వచ్చింది.

ఎనిమిదో రోజు వచ్చింది. మగవాళ్ళు బయట షామియానా కింద హజ్రత్‌తో ఉన్నారు. ఆడవాళ్ళం లోపల తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాం. ఫోన్ చార్జరుకు తగిలించి రికార్డు నొక్కాను. అత్తమ్మ తలమీద కొంగు సర్దుకుని నాతో అంది: "వేళ్ళు పెట్టు."

"ఇంతమందిలోనా?"

"పెట్టవే."

పెట్టాను. చుట్టాల్లో ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అత్తమ్మ మొదలుపెట్టింది. హజ్రత్ పావుగంటలో చదివే యాసీన్ ఆవిడకు గంట దాటింది. ఒక్కో అక్షరాన్నీ పత్తిని చూసినట్టు తడిమి, ఎండిందో లేదో చూసుకుని ముందుకు పోయింది. పిల్లలు విసుక్కోలేదు, ఎవరూ లేచి పోలేదు. రెండు చోట్ల తప్పు దొర్లింది, తనకే తెలిసి వెనక్కి వచ్చి దిద్దుకుంది. ఆఖరి పేజీలో, ఆ ఎనిమిది రోజుల్లో నేర్చుకున్న చోట, గొంతు ఆగిపోయింది. అక్షరం తెలియక కాదు. ఎవరికీ వినపడకముందే నా వేళ్ళకు తెలిసింది, ఆవిడ ఏడుపు లోపలే అణుచుకుంటోంది.  నేను చెయ్యి తియ్యలేదు. కాసేపటికి నా వేళ్ళ కింద మళ్ళీ మోత మొదలైంది. చివరి మాట దాకా ఆగలేదు.

అందరూ భోజనాలు చేసి వెళ్ళాక రికార్డు ఆపాకు పంపాను. సాయంత్రం జవాబు వచ్చింది. ఎప్పుడూ ముందు వచ్చే తప్పుల చిట్టా లేదు. కింద ఒక్కటే మాట ఉంది: విన్నాను.

రెండో మాట కోసం ఎదురుచూశాను. రాలేదు. చాలాసేపటికి ఇంకో సందేశం వచ్చింది. "అమ్మను అడుగు తల్లీ. ఇది ఒక్కటి నేను ఉంచుకోవచ్చా? వయసు మీద పడింది, మాకిప్పుడేం వస్తుంది అనే ఆడవాళ్ళు నా దగ్గరకు చాలామంది వస్తారు. వాళ్ళకు వినిపిస్తాను."

నాకు కళ్ళు నిండాయి. ఇంత గొప్ప మాట ఆ మనిషి నోట రావడం సామాన్యమా? ఒప్పుకోమని బతిమాలే ఉద్దేశంతోనే వెళ్ళాను. నా ఫోన్లో కూడా దాన్ని దాచుకోవాలని నాకూ ఆశగా ఉంది. అత్తమ్మ వసారాలో విల్లు కింద కూర్చుని చాటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. సందేశం చదివి వినిపించాను. చెయ్యి ఆపకుండా విన్నది.

"తీసెయ్యమను," అంది. "నీ ఫోన్లోది కూడా తియ్యి. వినాల్సినాయన విన్నాడు."

అన్నది అన్నట్టే రాసి పంపాను. తర్వాత నా ఫోన్లోది తీసేశాను.  కొత్తపట్నం నుంచి జవాబు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"తీసేశాను. రేపు పదకొండింటికి కొత్త పాఠం."